తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది సార్?

ఇంటర్వ్యూ అంతా అయ్యాక ఫైలు మూసి, కుర్చీలో వెనక్కి వాలి, “మీరేమైనా అడగాలా?” అంటారు చూడండి, ఆ మాటకు మా పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో ఒకటే జవాబు. “ఏం లేదు సార్.” అంతే. తల ఊపి, నమస్కారం పెట్టి బయటికి వచ్చేయడమే. అదే ఇంద్రేశంలో ఒక్క గది కిరాయికి కావాలంటే నల్లా ఎప్పుడొస్తుంది, పైన ఎవరుంటారు, ఎండాకాలం బోరు ఎండుతుందా అని ఇంటావిడ ప్రాణం తోడేస్తాం. బర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్తాం, పాలు పిండి చూస్తాం. బతుకులో సగం గడపబోయే చోటు గురించి మాత్రం నోరు మెదపం. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని భయం. నాకూ ఆ భయం ఉండేది. ఆసుపత్రిలో పడి లేచాక పోయింది.

నేను బీఎస్సీ చదివాను. మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో, కాంట్రాక్టు మీద చాలా ఏళ్లు పనిచేశాను. ఏ కంపెనీ అన్నది వదిలేయండి, పేరు మారిస్తే ఇంకో నాలుగింటికి సరిపోతుంది. అక్కడ ఆడవాళ్ల బాత్రూంకి తాళం వేసి ఉండేది. తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర. “లేకుంటే ఊకె పోయి ఫోన్లు చూసుకుంట కూసుంటరు” అని ఆ తాళానికి కారణం చెప్పేవారు. వెళ్లాలంటే లైను వదిలి ఆమె ముందు నిలబడాలి. ఆమె ఎవరితోనో మాట్లాడుతుంటే ఆ మాటలు అయ్యేదాకా ఆగాలి. “మల్లనా? ఇందాకనే పోయినవ్ గద” అని అందరి ముందూ అనిపించుకోవాలి. ఛీ, ఏం బతుకది! దానికంటే నీళ్లు మానేయడమే నయమనుకున్నాం అందరం. పొద్దున ఇంట్లో నింపుకున్న సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి వచ్చేది.

చివరికి చలిజ్వరం, నడుంనొప్పి, మూత్రంలో రక్తం. సంగారెడ్డిలో డాక్టరమ్మ రిపోర్టులు చూసి, “నీళ్లు తాగవా నువ్వు?” అంది.

“ఇంటికాడ తాగుత మేడం.”

“పనికాడ?”

నేను చూపు తిప్పుకున్నాను. ఆవిడకు అర్థమైపోయింది. నా మీద కోపమో, లోకం మీద కోపమో, గట్టిగా తిట్టింది. “ఇది రెండోసారి. ఇంకోసారి గిట్ల వచ్చిందనుకో, కిడ్నీలు పాడైతయ్. అప్పుడు ఏడ్చినా నేనేం జెయ్యలేను” అంది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి లైను మీద నా చోట ఇంకొకామె నిలబడి ఉంది. కాంట్రాక్టు మనిషి జబ్బు పడితే అంతే మరి, కారణం కూడా చెప్పరు.

ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. మా ఆయన పోయి చాలా కాలమైంది. పోతిరెడ్డిపల్లిలో అమ్మ, కాలేజీ చదువుతున్న నా కూతురు, నేను. నలభై దాటిన ఆడదాన్ని పర్మనెంట్‌గా తీసుకునే కంపెనీ ఈ చుట్టుపక్కల దీపం పెట్టి వెతికినా దొరకదు. అలాంటిది కర్దనూర్ దాటాక ఉన్న ఒక ప్లాంటు నుంచి, ప్యాకింగ్ సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి రమ్మని ఫోనొచ్చింది. పర్మనెంట్ ఉద్యోగం! అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వెంటనే వెళ్లి మా చర్చిలో స్త్రీల సమాజంలో ప్రార్థన మనవి పెట్టింది. ఇక కూరగాయల బండి దగ్గర కనిపించినవాళ్లు కూడా “నీకోసమే మోకరిస్తున్నం” అనడం. ఇంతమంది మోకాళ్ల మీద ఉండగా ఉద్యోగం రాకపోతే నా తప్పే అన్నట్టు తయారైంది.

ముందురోజు సాయంత్రం నా కూతురు ఫోన్లో ఏదో చదివి, “మమ్మీ, లాస్ట్‌కు మనం కూడా క్వశ్చన్లు అడగాల్నంట. అడిగితే తెలివిగలోళ్లు అనుకుంటరంట. కంపెనీ విజన్ ఏంది, నా గ్రోత్‌కు ఏం అవకాశాలున్నయ్, గట్ల” అంది.

“వాళ్ల విజన్‌తోని నాకేం పని? బాత్రూంకు తాళం ఉన్నదా లేదా తెలిస్తే సాలు.”

పిల్ల పడీపడీ నవ్వింది. అమ్మ మాత్రం చేస్తున్న చపాతీ వదిలేసి వచ్చింది. “గా మాట గన్క ఎత్తకు బిడ్డా. పెద్ద పెద్దోళ్లుంటరు. సిగ్గు పోతది.”

“సిగ్గు పోతే మల్ల వస్తదమ్మా. కిడ్నీ పోతే రాదు.”

అమ్మ పొద్దున్నే నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. అందులో నా నోటి గురించి కూడా దేవునికి గట్టిగానే చెప్పుకుంది.

ఇంటర్వ్యూలో ఇద్దరున్నారు. ఒకాయన ప్లాంట్ మేనేజర్, పెద్దాయన. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారట, మాటల్లో ఆయనే చెప్పారు. పక్కన హెచ్చార్ అబ్బాయి, మెడలో కార్డు, ముందు ల్యాప్‌టాప్. మేనేజర్ పని గురించి అడిగారు. ఒక మందు ప్యాకింగ్ అయిపోయి ఇంకో మందు మొదలుపెట్టే ముందు లైను ఎలా ఖాళీ చేయిస్తారు, స్ట్రిప్పులో మాత్ర తక్కువ పడితే ఏం చేస్తారు, అట్టపెట్టె మీద తేదీ తప్పు పడితే ఎవరికి చెబుతారు. ఇవన్నీ నాకు నీళ్లు తాగినంత తేలిక. ఆయన ముఖం విప్పారడం కనిపిస్తూనే ఉంది. “చాలా బావుందమ్మా” అన్నారు. తర్వాత ఫైలు మూశారు. వెనక్కి వాలారు.

“మీరేమైనా అడగాలా?”

‘ఏం లేదు సార్’ అంటే ఆ క్షణానే ఉద్యోగం నాది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, వీళ్లు పెడతారా?

“అడగాలె సార్. నాకంటె ముందు ఈ పని జేసినామె ఎందుకు మానేసింది?”

“పర్సనల్ రీజన్స్ మేడం” అన్నాడు హెచ్చార్ అబ్బాయి, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

“సరే. ఇంకొకటి. లేడీస్ బాత్రూంకు తాళం వేస్తరా?”

ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ వెనక తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నవ్వెందుకొస్తుంది తమ్మీ? నువ్వు పోవా?” అన్నాను. నోరు జారిందా అంటే జారలేదు, నేనే వదిలాను. ఇంకెలాగూ ఉద్యోగం పోయింది, కడుపులో ఉన్నదంతా అడిగేద్దామని.

మేనేజర్ గొంతు సవరించుకున్నారు. “వేస్తామమ్మా. అది డిసిప్లిన్ కోసం.”

“తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది సార్?”

ఆయన ముఖంలో బరువు దిగిపోయింది. “అదే చెప్పబోతున్నాను. లైన్ సూపర్‌వైజర్ దగ్గర. అంటే మీ దగ్గరే! ఇక మీకు ఇబ్బందేముంది?”

“అవును మేడం, మీకసలు ప్రాబ్లమే ఉండదు” అన్నాడు అబ్బాయి కూడా, చిక్కు వీడినట్టు.

పాత కంపెనీలో సూపర్‌వైజర్ గుర్తొచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు లైను మీద నిలబడ్డ మనిషే. ఆమెకూ ఎవరో ఒకరు ఇలాగే కుర్చీలో వెనక్కి వాలి, తాళంచెవి మీ దగ్గరే, మీకేం ఇబ్బంది అని ఉంటారు.

“మరి తక్కినోళ్లకు?”

“వాళ్లు మిమ్మల్ని అడుగుతారు.”

“తాళమే తీసేస్తే అడిగే పనే ఉండదు గద సార్.”

“అవన్నీ పాలసీ విషయాలమ్మా” అని ఆయన లేచి నిలబడ్డారు. నేనూ లేచాను.

ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు చెబితే అమ్మ మంచం మీద కూలబడింది. “గంతమంది ప్రార్థన జేస్తుంటే నువ్వు పోయి పాయఖాన ముచ్చట వెట్టినవా? ఆదివారం నా ముఖం యాడ వెట్టుకోవాలె?”

ఆదివారం రాకముందే ఫోనొచ్చింది. సెలెక్ట్ చేశామన్నారు, ప్రొబేషన్ మీద చేరమన్నారు. పనిలో నా జవాబులు ఆయనకు నిజంగానే నచ్చినట్టున్నాయి. అమ్మ “స్తోత్రం!” అని అరిచిన అరుపు పక్కింటికి వినిపించింది. నాకు మాత్రం సంతోషం గొంతు దిగలేదు. వద్దంటే ముగ్గురం ఏం తింటాం? ఒప్పుకుంటే ఆ తాళంచెవి నా జేబులో. “నీకు మంచిదే గద మమ్మీ” అంది నా కూతురు. నాకు మంచిదే, నన్ను తినేస్తున్నదీ అదే. ఆఖరికి ఒకటనుకున్నాను. ఇచ్చేదేదో నా చేతికే ఇస్తున్నారు కదా, ఇవ్వనీ. నా చెయ్యి ఏం చేస్తుందో వాళ్లు అడగలేదు.

చేరిన రోజు హెచ్చార్ అబ్బాయే తాళంచెవి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. లైను మొదలైంది. కాసేపటికి ఒకామె నా ముందుకొచ్చి నిలబడింది. ఒడిశా నుంచి వచ్చి ఇక్కడే కిరాయికి ఉంటున్న మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ముఖానికి మాస్కు, కళ్లు నేల మీద. మాట లేదు. చిటికెనవేలు పైకి చూపించింది.

ఒకటో తరగతి పిల్లలు టీచరుకు చూపిస్తారే, అలా. ఇద్దరు పిల్లల తల్లి! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటే కోపం తన్నుకొచ్చింది.

“చాబీ, దీదీ” అంది సన్నగా.

“ఉంగ్లీ నీచే కర్. బచ్చీ హై క్యా తూ?” అన్నాను నాకొచ్చిన హిందీలో, వేలు దించు, చిన్నపిల్లవా అని. పాపం, తిడుతున్నాననుకుని బెదిరిపోయింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తాళం తీశాను. ఆమె లోపలికి వెళ్లింది. నేను తాళం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చాక దాన్ని మళ్లీ గడియకు పెట్టబుద్ధి కాలేదు. తీసుకెళ్లి నా టిఫిన్ సంచిలో, డబ్బా కింద పెట్టేశాను. లైను దగ్గరికి వచ్చి చెప్పాను. “పోవాల్సినోళ్లు పోండి. నన్ను అడగొద్దు. పక్కామెకు చెప్పిపోండి, ఆమె మీ పని చూస్తది. తర్వాత ఆమె పోతది, మీరు చూడండి.” హిందీలో కూడా ఎలాగో చెప్పాను. మొదట ఎవరూ కదల్లేదు, ఇదేదో పరీక్ష అనుకున్నారేమో.

ఆ సాయంత్రం తాళం మా ఇంట్లో ఫ్రిజ్ మీదికి చేరింది. “ఇది దొంగతనం గాదా బిడ్డా?” అని అమ్మ దాని చుట్టూ తిరిగింది.

“దొంగతనమైతే తాళంచెవి వాళ్లే ఎందుకిస్తరమ్మా?”

కొన్నాళ్లు ఎవరికీ ఏమీ తెలియలేదు. లైను ఆగలేదు, సరుకు తగ్గలేదు. బయటపెట్టింది క్యాంటీన్ ఆయన. “ఏమైందో ఏమో సార్, ఆడోళ్ల దిక్కు నీళ్ల క్యాన్లు పగటికే ఒడుస్తున్నయ్” అని మేనేజర్ దగ్గర మొర పెట్టుకున్నాడట. ఎందుకు మధ్యాహ్నానికే అయిపోతున్నాయో చూడమంటే హెచ్చార్ అబ్బాయి వచ్చి చూశాడు. బాత్రూం గడియకు తాళం లేదు. నన్ను ఆఫీసు గదికి పిలిచారు.

“తాళం ఏదమ్మా?” అన్నారు మేనేజర్.

“మా ఇంట్ల ఉన్నది సార్. ఫ్రిజ్ మీద.”

ఆయన పెన్ను కింద పెట్టారు. “రేపు తీసుకురండి.”

“తేను సార్.”

“మేడం, మీరింకా ప్రొబేషన్‌లో ఉన్నారు. గుర్తుందా?” అన్నాడు అబ్బాయి.

గుర్తు లేకపోవడమేమిటి? కూతురి కాలేజీ, అమ్మ మందులు, నా మందులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. “గుర్తున్నది. లైను ఒక్కనాడన్న ఆగిందా? మాల్ తక్కువొచ్చిందా? వస్తే చెప్పండి, ఇప్పుడే పోత.”

“పని గురించి కాదమ్మా. ఒక పద్ధతంటూ ఉంటుంది కదా” అన్నారు మేనేజర్, కాస్త మెత్తగానే.

ఆయన కుర్చీ వెనక ఒక తలుపుంది. పక్కనే టవల్ తగిలించి ఉంది.

“గది మీ బాత్రూమే గద సార్?”

“అవును. అయితే?”

“దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?”

ఆయన వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు. ఆ తలుపును అదే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. హెచ్చార్ అబ్బాయి ఈసారి నవ్వలేదు. మేనేజర్ ఇటు తిరిగి, “వెళ్లి పని చూసుకోండమ్మా” అన్నారు. గొంతులో కోపముందో లేదో నాకు తెలియలేదు.

ఆ తర్వాత మా వైపు నీళ్ల క్యాన్లు ఎక్కువ దించుతున్నారు. కొత్త తాళం మాత్రం ఇంకా రాలేదు. నన్ను పర్మనెంట్ చేస్తామని గానీ, చేయమని గానీ ఎవరూ చెప్పడం లేదు. ప్రొబేషన్ నడుస్తూనే ఉంది. రోజూ గేటు దగ్గర కార్డు చూపించేటప్పుడు, ఈరోజు లోపలికి రానిస్తారా అని ఒక్క క్షణం అనిపిస్తుంది. తీసేస్తే తీసేయనీ. తీసేసిన రోజు కూడా కడుపు నిండా నీళ్లు తాగే ఇంటికి పోతాను.