కుందేటి మడుగులో పట్టకూడని చేప

గాలం మీద ఇష్టమున్న సోదరులు ఇద్దరు ముగ్గురు, వేసవిలో కుందేటి వెంట పోవాలంటే దారి ఏది, ఎర ఏది, బస ఎక్కడ అని అడుగుతూ నాకు ఉత్తరాలు రాశారు. విడివిడిగా జవాబులు రాసే ఓపిక లేక అంతా ఒక్కచోట రాస్తున్నాను. తెలిసినదేదీ దాచను. అయితే ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ ప్రయాణంలో నేను పట్టింది ఒక్కటే చేప. దానివల్ల మన సంఘస్థులు ముప్పై ఇళ్లవాళ్లకు తాగే నీళ్లు పోయాయి. ఆ నీళ్లు తిరిగి రావడానికి చెల్లించవలసింది నేను చెల్లించలేదు. ఇది మనసులో పెట్టుకొని మిగతాది చదవండి.

అవి యుద్ధం రోజులు. వరుసగా రెండేళ్లు వానలు తప్పాయి. నేను నంద్యాల దగ్గర ఒక పల్లెలో బడి చెబుతూ, ఆదివారాలు వాక్యం బోధించే ఉపదేశిని. సంవత్సరానికి పది రోజుల సెలవు దొరుకుతుంది. ఆ పది రోజులూ నాకు గాలమే లోకం. మన ప్రభువు మొదట పిలిచింది జాలరులనే గనుక ఈ సరదాలో పాపం లేదని నా తండ్రి అనేవాడు. నేనూ అలాగే నమ్మాను. ఆ ఏడు కమలాపురం దిక్కున, పెన్నకు ఈవలి గట్టున ఉన్న, రెండేళ్ల క్రితం నేను ఒకసారి బోధించి వచ్చిన చిన్న సంఘాన్ని కూడా చూసి, అక్కడి సంగతులు రాసి తెమ్మని పాస్టరుగారు చెప్పారు. రెండు పనులూ కలిసి వచ్చాయని సంతోషపడ్డాను.

సోమవారం ఉదయం ఆరు గంటలకు నంద్యాల బస్టాండుకు చేరాను. పెట్రోలు లేదు గనుక అన్నీ బొగ్గు బస్సులే. వెనక తగిలించిన కొలిమిలో బొగ్గు రాజుకునేదాకా క్లీనరు చక్రం తిప్పుతూనే ఉన్నాడు. ఏడుంబావుకు గాని బండి కదలలేదు. బొగ్గు బస్సెక్కేవాళ్లు తెల్లబట్టలు కట్టుకోకండి. వెనక బెంచీ మీద అసలు కూర్చోకండి.

నా పక్కన ఒక పెద్ద సాహెబు కూర్చున్నాడు. ఒడిలో గుడ్డ కప్పిన పంజరం, అందులో పెంపుడు కౌజు పిట్ట. వేటకు దాన్ని పొదల్లో పెడితే అది కూస్తుంది. ఆ కూతకు అడవి కౌజులు పౌరుషంగా పోట్లాటకు వచ్చి ఉచ్చులో పడతాయి.

"తుపాకి అమ్మేసినా. తూటాలు యాడ దొరుకుతాండాయి? ఈ బేటానే నా తుపాకి ఇప్పుడు" అన్నాడు.

జంతువుకు పారిపోయే అవకాశం ఉన్నదే వేట అని, సొంత జాతి పక్షిని ఎరగా పెట్టి పిలిచి పట్టడం మోసమని నా అభిప్రాయం చెప్పాను. కుందేళ్లకు వలలు కట్టి ఊరంతా తరమడం కూడా నాకు నచ్చదన్నాను. సాహెబు నా గాలపు కర్రను కిందినుంచి పైదాకా చూశాడు.

"మరి నువ్వు కప్పను గుచ్చి వేస్తావు గదా అయివారూ. చేపకు ముందే చెప్తావా, లోపల కొక్కెముండాది జాగ్రత్తని?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట తరువాత చాలా దూరం నా వెంట వచ్చింది.

పది దాటాక ఆళ్లగడ్డ. ఎడమ చేతి వైపు అహోబిలం కొండలు బూడిద రంగులో కనిపించాయి. ఆ కొండల వైపు బక్కచిక్కిన పశువులను తోలుకొని కాపులు వరుసగా పోతున్నారు, గడ్డి ఎక్కడైనా మిగిలి ఉంటుందేమోనని. నేను మూటలోని జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి తీశాను గాని వాళ్లను చూస్తూ తినబుద్ధి కాలేదు. చాగలమర్రి దాటాక మిట్ట ఎక్కలేక బండి ఆగితే మగవాళ్లమంతా దిగి తోశాము. మైదుకూరు రెండు గంటలకు, ప్రొద్దుటూరు నాలుగున్నరకు చేరాము. నూలు రాక మగ్గాల వీధులు చప్పుడు లేకుండా పడి ఉన్నాయి. అక్కడ సత్రాలున్నాయి గాని నాబోటివాళ్లను అరుగు మీదికి కూడా రానివ్వరు. సంఘస్థుల ఇల్లు ముందే అడిగి పెట్టుకోవడం మేలు.

మంగళవారం తెల్లవారి ఐదుకు ఎద్దులబండి మాట్లాడుకొని బయలుదేరితే తొమ్మిదికి ఆ ఊరు వచ్చింది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఊళ్లో రెడ్లవి పది ఇళ్లు, తొగటవాళ్ల మగ్గాల ఇళ్లు నలభైదాకా ఉంటాయి. దక్షిణాన మన సంఘస్థుల పల్లె. సంఘపెద్ద యాకోబు ఎదురొచ్చి నా మూట అందుకున్నాడు. అతని భార్య సుందరమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. నీళ్లలో సన్నగా గంజి వాసన.

"మడుగు నీళ్లు అయివారూ. తొగటోళ్లు ఆ కొసన గంజి నూలు తడుపుతారు. వాసన ఉండాది గాని మంచి నీళ్లే" అంది.

పల్లె బావి ఎండిపోయి ఏడాదైందట. కుందేరు పారడం మానేసి మడుగులు మడుగులుగా నిలిచింది. ఊరి పక్క మడుగు ఒక్కటే ఇంకా లోతుగా ఉంది. తొగటవాళ్ల పెద్ద చౌడప్ప రెడ్లతో వాదించి, మన వాళ్లకు పై కొసన ఒక రేవు ఇప్పించాడట. మన వాళ్ల కడవ ఊరి మడుగులో మునగడం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేని సంగతి. ప్రభువు కార్యమని నేను మోకరించి స్తుతించాను. యాకోబు కూడా మోకరించాడు గాని ఆమేన్ గట్టిగా అనలేదు.

ఇక గాలం సంగతి. ఏరు పారేటప్పుడు చేప చెదిరి ఉంటుంది. పారకం నిలిచిపోయి మడుగుల్లో చేరినప్పుడు, తొలకరికి ముందు, గాలం వేయాలి. పొద్దు నీళ్ల మీద పడకముందు రెండు గంటలు, సాయంత్రం చల్లబడ్డాక ఒక గంట. జెల్లకు, మార్పు చేపకు ఎర్రలు, అంటే వానపాములు, చాలు. కొర్రమీనుకు చిన్న కప్పను నడుముకు గుచ్చి నీటి పైననే ఆడించాలి. నూలు తాడుకు మైనం పట్టించండి. మీ నీడ నీళ్లలో పడనివ్వకండి. ఇంకొక కిటుకు పాతవాళ్లకు తెలుసు. నీటి మీద ఎర్రగా, కుంకుమ చల్లినట్లు, చేటంత గుంపు కదులుతూ కనిపిస్తే అవి కొర్రమీను పిల్లలు. వాటి కిందనే తల్లి ఉంటుంది. ఆ గుంపు మధ్య ఎర వేస్తే తల్లి ఆకలి లేకపోయినా కొడుతుంది. పిల్లల మీదికి ఏదో వచ్చిందని కొడుతుంది. తప్పే అవకాశం లేదు. ఈ కిటుకు వాడవద్దని చెప్పడానికే దీన్ని ఇక్కడ రాశాను.

సాయంత్రం ఐదు గంటలకు యాకోబు నన్ను ఊరికి దిగువనున్న చిన్న గుంటలకు తీసుకుపోయాడు. గంటసేపు కూర్చున్నా తాడుకు కట్టిన బెండు కదలలేదు. తిరిగి వస్తూ పెద్ద మడుగు గట్టెక్కాము. నీటి మీద ఎర్రని గుంపు. దాని పక్కన ఒక్కసారి వీపు తేలింది. నా మోచేతంత లావు.

"ఈడ వద్దయివారూ" అన్నాడు యాకోబు.

"ఎందుకు?"

"ఆ చేపలు చౌడమ్మవంట. ఎవురూ ముట్టరు."

గట్టు మీద పసుపు పూసిన రాయి ఉంది, తొగటవాళ్లు కొలిచే చౌడమ్మ. నాకు ఒళ్లు మండింది. విగ్రహానికి అర్పించిన మాంసం గురించి అపొస్తలుడు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చు. విగ్రహం వట్టిదని రెండేళ్ల క్రితం ఆ పల్లెలోనే బోధించాను.

"యాకోబూ, రాయికి చేపలుంటాయా? నువ్వు కూడా దానికి భయపడుతున్నావా?"

"భయం గాదయివారూ..."

ఏదో చెప్పబోయాడు. నేను అప్పటికే కప్పను గుచ్చుతున్నాను. అతడు తల వంచుకొని నిలబడ్డాడు. ఆ వంచిన తలను నేను సిగ్గు అనుకున్నాను. అపొస్తలుడు ఆ మాటల వెంటనే, నీ స్వేచ్ఛ నీ సోదరునికి అడ్డురాయి కాకుండా చూసుకో అని కూడా రాశాడు. అదీ నాకు కంఠతా వచ్చు. ఆ నిమిషంలో గుర్తు రాలేదు.

ఎర గుంపు మధ్య పడీపడగానే కొట్టింది. మూడు శేర్లకు తక్కువ ఉండదు. గట్టున వేసి చూసేటప్పటికి, నీళ్లలో ఎర్రగుంపు కాసేపు అక్కడక్కడే తిరిగింది. తరువాత కిందినుంచి ఏవో చేపలు వచ్చి దాన్ని కొట్టసాగాయి. గుంపు అరచేయంత అయింది, బిళ్లంత అయింది, లేకుండా పోయింది. నేను దానిని చూసి కూడా చేపను తాటినారకు గుచ్చి పల్లెకు నడిచాను.

ఇంకా వెలుగు ఉండగానే చౌడప్ప వచ్చాడు. నూలు దుమ్ము పట్టిన పంచె, చేతిలో కర్ర, వెనక నలుగురు మనుషులు. నన్ను చూడలేదు.

"ఏమప్పా యాకోబూ, మీ అయివారికి చెప్పలేదా నువ్వు?"

"చెప్పినా. సగమే చెప్పినా."

మిగతా సగం అప్పుడు తెలిసింది. రేవు ఇచ్చిన రోజు, మడుగులో చేపను ముట్టబోమని పల్లె మగవాళ్లంతా ఆ రాయి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. రెండేళ్ల క్రితం ఆ పల్లె బడిలో నిలబడి సంఘ నియమాలు చదివింది నేనే. రాయి ముందు ప్రమాణం చేసినవాణ్ణి, టెంకాయ కొట్టినవాణ్ణి ఏడాదిపాటు ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు. అందుకే నాకు చెప్పలేకపోయారు.

"నీళ్ల కోసరం చేస్తిమి అయివారూ" అన్నాడు యాకోబు. "అది ఉత్త రాయేనని మీరే చెప్తిరి గదా. ఉత్త రాయి మింద చెయ్యి పెడితే ఏమవుతాదిలే అనుకొంటిమి."

చేతిలోని చేపను కింద పెట్టాను.

చౌడప్ప అప్పుడు నా వైపు తిరిగాడు. "మీ దేవుడు మీకు, మా తల్లి మాకు. దాన్ని ఇడిసిపెట్టు. వాన పడి ఏరు పారితే, కిందా మీదా ఊర్లన్నిటికీ చేప పోయేది ఈ మడుగులోంచే. ఉండేదొక్క మడుగు. దాంట్లో తల్లిచేపను కొడితివి. వీళ్లకు పూచీ ఉన్నోణ్ణి నేను. రెడ్ల ముందర నా మొగమేం కావాల?"

చేపకు ఎంతైనా ఇస్తానన్నాను.

"నీ దుడ్లెవరికి కావాలప్పా? తెల్లారి రాయి ముందర ఒక టెంకాయ కొట్టి, తప్పాయె తల్లీ అను. సాలు. రేవు మళ్లీ వాళ్లదే."

అంతే అడిగాడు. నేను కాదన్నాను. ఇప్పుడైనా కాదనే అంటాను. జీవముగల దేవుని ఎరిగినవాణ్ణి, రాయి ముందు తల వంచలేను. చౌడప్ప కోపపడలేదు. కూడా వచ్చిన మనుషులకు సైగ చేశాడు. మేము గట్టుకు చేరేసరికి వాళ్లు తుమ్మకంప లాక్కొచ్చి రేవుకు అడ్డం కొడుతున్నారు. ఖాళీ కడవలతో దిగబోతున్న ఆడవాళ్లు అలాగే నిలబడిపోయారు. వాళ్లలో ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది.

"పెన్నలో చెలమ తవ్వితే కడవ నిండేకి ఒక జాము పడతాది. పొయ్యేకి, వచ్చేకి ఇంకో జాము. మీకేమప్పా, రైలెక్కి పోతారు. మోసేది మేము."

ఆ చేపను ఎవరూ ముట్టలేదు. యాకోబు ఇసుకలో గుంట తీసి పూడ్చిపెట్టాడు. ఆ రాత్రి ప్రార్థనకు నలుగురు వచ్చారు. వానకోసం ప్రార్థించాను. నా నోటిలోనే ఆ మాటలు ఎండిపోయాయి.

బుధవారం ఉదయం ఆరు గంటలకు బయలుదేరాను. సాగనంపడానికి యాకోబు ఇంట్లో లేడు. గట్టు మీదికి వచ్చేసరికి టెంకాయ పగిలిన చప్పుడు వినిపించింది. అతడు రాయి ముందు బోర్లా పడి ఉన్నాడు. పక్కన చౌడప్ప నిలబడి ఉన్నాడు. ఇద్దరు మనుషులు రేవు నుంచి కంప లాగేస్తున్నారు. యాకోబు లేచి నన్ను చూశాడు. దండం పెట్టలేదు, మొహం తిప్పుకోనూ లేదు. నేను గబగబా నడిచాను.

పెన్న ఇసుకలోకి దిగేచోట సుందరమ్మ పరుగున వచ్చి నీళ్లు నింపిన మరచెంబు చేతిలో పెట్టింది.

"ఎండలో పోతాండారు. చెంబు మాత్రం ఎవురితోనన్నా పంపీయండి, ఇంట్లో ఇదొక్కటే ఉండాది."

పెన్న దాటి కమలాపురం స్టేషనుకు చేరడానికి రెండు గంటలు పట్టింది. చెప్పులు లేకుండా ఆ ఇసుకలో ఎనిమిది తరువాత నడవకండి. పదకొండు గంటల పాసింజరు ఒంటిగంటకు వచ్చింది. గుంతకల్లులో నంద్యాల పోయే చిన్నబండికి మారాలి. మూడో తరగతిలో కిటికీ దగ్గర చోటు దొరికింది. ఎదుటి బెంచీలో మిరపకాయల వ్యాపారి గాలపు కర్రను చూశాడు.

"పడినాయా?"

"ఒకటి పడింది."

"యాడ?"

నేను గాలపు కర్రను బెంచీ కిందికి తోశాను. ఆయన పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "చెప్పడు సూడు. గాలమేసేటోడు పెండ్లామునన్నా సూపిస్తాడు గాని తావు సూపియ్యడు." అందరూ నవ్వారు.

నంద్యాల చేరాక పాస్టరుగారికి నేను ఒక కాగితం రాసివ్వాలి. సంఘంలో నియమం తప్పినవాళ్ల పేర్లు అందులో రాయాలి. టెంకాయ కొట్టినవాడికి ఏడాది అని నియమం ఉంది. తల్లిచేపను పట్టి, ముప్పై ఇళ్ల నీళ్లు పోగొట్టి, రైలెక్కినవాడికి ఏ నియమమూ లేదు. ప్రమాణం చేసిన మగవాళ్ల పేర్లకు పైన, కాగితం మీద మొదట యాకోబు పేరే ఉంటుంది. నా విశ్వాసం చెక్కు చెదరలేదు, నిజమే. దాని బరువు మోసింది మాత్రం అతడు.

అడిగిన సోదరులకు నేను చెప్పగలిగింది ఇంతే. కొక్కెం పదునుగా ఉంచుకోండి, తాడుకు మైనం పట్టించండి, నీళ్లు ఎవరివో అడగండి. మీరడిగిన మనిషి సగం చెప్పి ఆగితే, మిగతా సగం వినేదాకా గాలం వేయకండి.

ఎర్రగుంట్ల దాటాక వడగాలి మొదలైంది. ముద్దనూరు దాకా ఓర్చుకున్నాను. గొంతు పిడచకట్టుకుపోయింది. తాడిపత్రిలో నీళ్లు దొరుకుతాయని ఎవరో అన్నారు. తాడిపత్రి ఇంకా చాలా దూరం. మరచెంబు మూత తిప్పాను. గంజి వాసన వచ్చింది. అవి ఏ రేవు నీళ్లో, పొద్దున యాకోబు ఏం చేస్తే వచ్చాయో నాకు తెలుసు. తాగాను. చుక్క మిగలకుండా తాగాను.