గట్టయ్య స్పీకరు పెట్టె

గోదావరిఖనిలో ఆ రోజుల్లో ఒక్కో మనిషికి రెండు పేర్లుండేవి. ఒకటి మస్టరులో రాసేది, రెండోది నలుగురి నోళ్ళలో నానేది. గట్టయ్యను అందరూ చెవుల గట్టయ్య అనేవాళ్ళు. అది వెక్కిరింపు కాదు, బిరుదు.

కమాన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి బొగ్గుబాయిలో చేరిన గట్టయ్య పని, కప్పు కింద ఊతకర్రలు నిలబెట్టడం. కర్ర నిలబెట్టే ముందు కప్పును కొట్టి చూడాలి. కుడిచేత్తో ఇనుపకడ్డీ పట్టి కప్పు మీద కొట్టేవాడు. ఎడమ అరచెయ్యి ఆ పక్కనే ఆనించి ఉంచేవాడు. కంగుమంటే మంచి కప్పు. డొల్లగా పలికి అరచేతి కింద అదిరిందంటే పైన పొర విడిపోయిందన్నమాట. "జరుగుండ్రి" అనేవాడు. అంతే, మనుషులు తట్టా పారా వదిలేసి జరిగేవాళ్ళు. పదకొండేళ్ళలో అతను చూసిన కప్పు కింద ఒక్కరికి కూడా గీత పడలేదు. అంత చెవి.

ఆ చెవే పోయింది. డెబ్బై ఒకటి ఎండాకాలంలో, బొగ్గు పగలగొట్టడానికి మందు పేల్చే వేళకు గట్టయ్య ఉండాల్సిన చోటుకన్నా దగ్గరగా ఉండిపోయాడు. తప్పు అతనిదే. ఒక ఊతకర్ర వంకరగా నిలబడిందని దాన్ని సరిచేస్తూ విజిలు పట్టించుకోలేదు. దవాఖానలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, సన్నటి శబ్దాలు ఇక రావు, మందపాటివి మిగిలాయి, వాటితో సర్దుకోమన్నాడు. గట్టయ్యను పైకి తెచ్చి లాంపు రూములో వేశారు. షిఫ్టుకు పోయేవాళ్ళ చేతికి దీపాలు ఇవ్వడం, వచ్చేవాళ్ళ దగ్గర తీసుకోవడం. చెవుల గట్టయ్య అని పిలవడం జనం మానేశారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే, మర్యాదకు మానేశారు. ఆ మర్యాద అతన్ని కాల్చుకు తిన్నది.

అంతకన్నా పెద్ద బాధ ఇంట్లో ఉంది. అతని భార్య పోశవ్వ పాటగత్తె. నాట్లప్పుడు మడిలో పాడితే అవతలి గట్టు మీది వాళ్ళు కూడా పని ఆపేవాళ్ళు. కాలనీకి వచ్చాక హార్మోనియం ఎల్లేశం పెట్టిన పాటల పార్టీలో ఆమే పెద్ద గొంతు. వెనక గట్టయ్య బుల్‌బుల్ తరంగ్ అనే తీగవాద్యం వాయించేవాడు. పెళ్ళయిన ఏడాది నుంచీ అదే వరస, ముందు ఆమె పాట, వెనక అతని తీగ. ఇప్పుడు బుల్‌బుల్ మీటితే వేలికి తగులుతోంది గానీ చెవికి తగలడం లేదు. దాన్ని గుడ్డలో చుట్టి అటకెక్కించాడు. మాటలంటే పెదవులు చూసి, దగ్గరగా జరిగి, ఎలాగో నెట్టుకొచ్చేవాడు. పాట మాత్రం బొత్తిగా అందేది కాదు. పోశవ్వ వంట చేస్తూ పాడుతుంటే గుమ్మంలో కూర్చుని, ఆమె పెదవులు చూస్తూ మోకాలి మీద తాళం వేసేవాడు. తనకు వినపడడం లేదన్న సంగతి ఆమెకు తెలియదని అతని నమ్మకం. మగవాళ్ళకు ఇలాంటి నమ్మకాలు కొంచెం ఎక్కువ.

మూడేళ్ళు అలా గడిచాయి. డెబ్బై నాలుగులో, దసరాకు నెలన్నర ముందు ఎల్లేశం ఇంటికొచ్చాడు. క్లబ్బులో దసరా పాటలకు ఏర్పాట్లు మొదలయ్యాయి. మనిషి మంచివాడే, కానీ మాట నాన్చి చెప్పడం రాదు.

"వదినె గొంతు మందమైందన్నా. పాటలు మునుపటి శ్రుతి మీద పాడుతలేదు. కిందికి, ఇంకా కిందికి పోతంది. వెనక నువ్వు సుత లేవైతివి. ఈసారికి నస్పూర్ కెల్లి ఇంకో ఆమెను పిలుద్దామనుకుంటున్న."

పోశవ్వ చాట కింద పెట్టింది. "పిలుచుకో. నేనైతే ఈయన ఎనక కూసుంటెనే పాడుత. లేకుంటె నీ దసరా నువ్వే చేస్కో."

ఎల్లేశం తల గోక్కుంటూ పోయాడు. గొంతు మందమవడమంతా సాకు, తను పనికిరాకుండా పోయానని నేరుగా అనలేక పెళ్ళాం మీద పెట్టాడని గట్టయ్య అనుకున్నాడు. తనవల్ల పోశవ్వ పాట ఆగిపోతోంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. తన చెవికి అందే వాద్యం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు.

మర్నాడు బజారులో బద్రుద్దీన్ దుకాణానికి పోయాడు. బద్రుద్దీన్ మైక్‌సెట్లు కిరాయికిస్తాడు, కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుడతాడు. ఆ దుకాణంలో మూలకు ఒక గిటారు కనిపించింది. మామూలు గిటారు కన్నా మెడ జానెడు పొడుగు. కాజీపేటలో రిటైరైన రైల్వే గార్డు ఒకాయన, జోసెఫ్ సారు, ఒకప్పుడు రైల్వే క్లబ్బు డాన్సుల్లో వాయించినదట. బద్రుద్దీన్ పాత ఆంప్లిఫయరు కోసం పోతే ఆయన దీన్ని కూడా అంటగట్టాడట.

"ఇది ఆరు తీగల బేస్ అంట గట్టన్నా," అన్నాడు బద్రుద్దీన్. "మామూలు గిటారుకన్నా ఒక స్థాయి కింద పలుకుతది. రెండిటి నడుమ బారిటోన్ అని ఇంకోటుంటదంట, అది గింత లోతుకు దిగదు. ఏం ఫాయిదా, నాలుగు తీగలు తెగిపోయినయ్. రెండే ఉన్నయ్."

గట్టయ్య ఆ మిగిలిన రెండిటిలో లావు తీగను బొటనవేలితో మీటాడు. ఎడమ అరచెయ్యి అలవాటుగా చెక్క మీద ఆనింది. కప్పు అదిరినట్టే అదిరింది. అదిరింది సరే, వినపడింది కూడా! దూరంగా, లావుగా, గోదావరి అవతల ఎద్దు రంకె వేసినట్టు. గట్టయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బద్రుద్దీన్ స్టూలు జరిపి కూర్చోమన్నాడు. అప్పుడు గట్టయ్య ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

"మూడేండ్లాయె భాయ్, నా భార్య పాట నాకు వినస్తలేదు. ఆమెకు ఎరుకలేదు."

"అరే గట్టన్నా!" అని, బద్రుద్దీన్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, గిటారును గట్టయ్య ఒళ్ళోకి జరిపాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తీగలైనా లేకముందే గట్టయ్య ఎల్లేశానికి మాటిచ్చేశాడు. దసరాకు వస్తున్నా అని. ఇక తీగల వేట. బజారులో దొరికే గిటారు తీగలు ఈ పొడుగు మెడకు చాలవు, ఈ లోతుకు ఆనవు. అప్పుడు గట్టయ్యకు బాయి బుద్ధి పుట్టింది. ఈ ప్రపంచంలో హాలేజీ తాడును మించిన తీగ ఏముంది? బొగ్గు టబ్బులను పాతాళం నుంచి పైకి లాగే ఉక్కుతాడు. మూల పడేసిన పాత ముక్కలోంచి పోగులు విడదీసి, కిరసనాయిలుతో కడిగి, నాలుగు బిగించాడు. వాటిని శ్రుతికి తేవడానికి పటకారుతో తిప్పాడు. అవి రాలేదు. ఇంకా తిప్పాడు. పొద్దున లేచి చూస్తే గిటారు మెడ విల్లులా వంగి ఉంది. తీగలు చెక్కకు అంగుళం ఎత్తున ఉన్నాయి. మీటితే రేకుడబ్బా మీద గులకరాయి పడ్డట్టు పలికింది.

"టబ్బును గుంజమంటె గుంజుతది, పాట పాడమంటె ఎట్ల పాడుతది?" అంది పోశవ్వ. "పిడుక్కు బియ్యానికి ఒకటే మంత్రమా?"

బద్రుద్దీన్ మళ్ళీ కాజీపేట పోయి జోసెఫ్ సారును అడిగి వచ్చాడు. ఆయన పడీపడీ నవ్వి అసలు కీలకం చెప్పాడట. లావు తీగకు కావలసింది బలం కాదు, బరువు. లోపల సన్నటి ఉక్కు తీగ ఉండాలి, అది సులువుగా ఊగుతుంది. దాని మీద రాగి చుట్టాలి, ఆ రాగి బరువుకు స్వరం కిందికి దిగుతుంది. చుట్టడమంటే బద్రుద్దీన్‌కు అరచేతిలో విద్య. మోటారు కాయిల్ చుట్టే చేతిచక్రం మీద ఉక్కు తీగ బిగించి, పక్కపక్కనే సందు లేకుండా రాగి చుట్టాడు. మొదటిది వదులై బుస్సుమంది. రెండోది తెగింది. మూడోది పలికింది. అదే లెక్కన నాలుగు తీగలూ చుట్టాడు. ఈలోగా గట్టయ్య వంగిన మెడను తిన్నగా చేశాడు. బాయిలో దూలం వంగితే ఏం చేస్తారో అదే చేశాడు. కింద చెక్కలు పెట్టి, పైన కర్ర అడ్డం వేసి, మంచం కోడుకు బిగించి, రోజుకొక చెక్కమేకు లోపలికి కొట్టాడు. తొమ్మిది రోజులు ఆ మంచం మీద ఎవరూ పడుకోలేదు. పోశవ్వ తిట్టుకుంటూనే కింద చాప వేసుకుంది.

తీగలు కుదిరాయి, ఇక గొంతు కావాలి. బద్రుద్దీన్ తన మైక్‌సెట్టుకే తగిలించాడు. చెట్టుకు కట్టే గరాటు మైకు సన్నటి గొంతును ఊరవతలికి మోస్తుంది గానీ ఇంత లావు స్వరం దానికి మింగుడు పడదు. గరగరమంది. శబ్దం పెంచితే ఠప్పుమని లోపలి యూనిటు కాలిపోయింది. బద్రుద్దీన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చచ్చిన కోడిని చూసినట్టు చూశాడు. అయినా వెనక్కి తగ్గలేదు, అది ఆయన గొప్పతనం. మంచిర్యాలలో ఒక టాకీసులో తీసేసిన స్పీకర్లు మూడు రకాలు తెచ్చి వరసగా పెట్టాడు. గట్టయ్య ఒక్కో స్పీకరు ముందు అదిరే కాగితం మీద అరచెయ్యి ఆనీ ఆననట్టు పెట్టి విన్నాడు. ఎనిమిది అంగుళాలది పలచన. పదిహేను అంగుళాలది మహా లోతు, కానీ ఉన్న ఆంప్లిఫయరుకు దాన్ని సరిగ్గా కదిలించే సత్తువ లేదు, స్వరం బద్ధకంగా లేచేది. పన్నెండు అంగుళాలవి రెండు కలిపితే స్వరం వెంటనే వచ్చింది, బరువుగానూ వచ్చింది. ఆంప్లిఫయరు మాత్రం వాల్వులదే. వేడెక్కడానికి ఒక బీడీ కాల్చేంత సేపు పడుతుంది గానీ, వేడెక్కాక దాని గొంతు గుండ్రంగా ఉంటుంది.

పెట్టె గట్టయ్యే కట్టాడు. బాయిలో పేలుడు మందు వచ్చే చెక్కపెట్టెల పలకలు కాలనీలో ప్రతి ఇంట్లో ఉండేవి. పీటలుగా, అరలుగా, కోళ్ళగూళ్ళుగా. ఆ పలకలతో నడుమెత్తు పెట్టె చేసి, స్పీకర్లు బిగించి మీటితే, పెట్టె పెట్టెంతా గడగడలాడింది. బద్రుద్దీన్ తల పట్టుకున్నాడు. గట్టయ్య మాత్రం మూలనున్న ఇనుపకడ్డీ తీశాడు. కుడిచేత్తో పలకను కొట్టాడు, ఎడమ అరచెయ్యి పక్కన ఆనించాడు. అంగుళం జరిగి మళ్ళీ కొట్టాడు. వెనక పలక నడుమకు రాగానే ఆగాడు.

"డొల్ల," అన్నాడు. "గిక్కడ పొర ఇడిసింది. లోపల ఊతకర్ర పెట్టాలె."

డొల్ల పలికిన చోటల్లా లోపల కర్ర నిలబెట్టి, చెక్కమేకులు కొట్టి బిగించాడు. మిగిలిన ఖాళీలో పోశవ్వ పాత బొంత కుక్కాడు. ఆమె బొంత కోసం మూడు రోజులు వెతికింది. చివరికి మీటితే పెట్టె కదల్లేదు, గోడలు కదిలాయి. ఇప్పుడిక మిగిలింది ఒకటే, పోశవ్వ పాట అతనికి అందడం. దాని సంగతి తాను చూసుకుంటానన్నాడు బద్రుద్దీన్.

దసరా నాడు పొద్దుగూకేసరికి క్లబ్బు ఆవరణ నిండిపోయింది. పోశవ్వ ముందు రెండు మైకులున్నాయి. ఒకటి జనానికి, గరాటుకు పోయేది. రెండోదాని తీగ గిటారుతో పాటు ఆ చెక్కపెట్టెలోకే పోయింది. "పెట్టె మీద కూసో గట్టన్నా," అన్నాడు బద్రుద్దీన్. "చెప్పులిడిసి మడిమెలు పెట్టెకు ఆనియ్యి." తర్వాత మైకు అందుకుని, ఎవరూ అడగకుండానే, "ఎనక గిటారు మన చెవుల గట్టన్న!" అని అరిచాడు. మూడేళ్ళ తర్వాత ఆ పేరు. లాంపు రూము వాళ్ళు ఈలలు వేశారు. ఈలలు గట్టయ్యకు వినపడలేదు, కానీ బద్రుద్దీన్ నోటి కదలికలో తన పేరు చూశాడు.

పోశవ్వ అందుకుంది. మడిమల్లోంచి, వెన్నులోంచి పైకి పాకింది ఆమె పాట. గట్టయ్య వేళ్ళు తమంతట తామే తీగ మీద పడ్డాయి. పాడుతున్నది పోశవ్వే. అయితే అతనికి గుర్తున్న గొంతు ఇది కాదు. ఆ గొంతు సన్నగా, పైపైన పోయేది. ఇది బరువుగా, నిదానంగా, కింద నడుస్తోంది. ఎల్లేశం చెప్పింది సాకు కాదన్నమాట.

పాట అయ్యాక చప్పట్ల మధ్య ఆమె నీళ్ళ చెంబు కోసం వెనక్కి తిరిగింది.

"నీ గొంతేందే గిట్లయింది?" అన్నాడు గట్టయ్య. "ఎప్పటి సంది?"

పోశవ్వ అతని వైపు చూసింది. అతనికి పెదవులు కనపడేలా దీపం వెలుగులోకి జరిగి చెప్పింది. "నీ చెవి పోయినప్పటి సంది. సన్నగ పాడితే నీకు అందుతలేదని ఒక్కో మెట్టు కిందికి దిగుకుంట వచ్చిన. ఎక్కడ్నో ఒక్కకాడ తగులుతనేమో అని."

"నీకెట్ల ఎరుక?"

"మోకాలి మీద తాళం రవ్వంత ఎనక పడుతుండె. నా పెదవి కదిలినంక."

గొంతు పాడైందని నలుగురూ అంటుంటే, ఈమె మూడేళ్ళూ ఒక్క మాట బదులు చెప్పకుండా పడింది. ఎల్లేశం హార్మోనియం ముందుకు లాక్కుని, రెండో పాటకు శ్రుతి ఎంతని అడుగుతున్నాడు. ఇంకో మెట్టు తగ్గించమని పోశవ్వ చెయ్యి కిందికి చూపించబోయింది. గట్టయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇగ దిగకే," అన్నాడు. "తగిలినవ్."