పక్క చేను మందు

ప్రత్తిపాడు బస్సులో నా పక్కనావిడ ఒడిలో మిరపకొమ్మ పెట్టుకుని కూర్చుంది. ఆకులు జిగురుగా ఉన్నాయి. తెగులనుకుని ఇంట్లోవాళ్లు మందు మీద మందు కొట్టారట; చేను ఇంకా నల్లబడుతోందట. ఆకు తిరగేసి, అడుగున గుంపులుగా పట్టిన పేనుబంక చూపించాను.

"ఈ పురుగులు విడిచే జిగురేనమ్మా ఇది. సబ్బునీళ్లలో కాస్త వేపనూనె కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టమనండి."

"మా ఆయన వినడండి. పక్క చేలో ఏది కొడితే అదే కొడతాడు."

వ్యవసాయాధికారిగా ఈ మాట ఎన్ని గట్ల మీద విన్నానో. "పోయేది ఎవరి పంటమ్మా, మీదా, పక్క చేనాయనదా?" అని విసుక్కున్నాను.

ఆవిడ కొమ్మను సంచిలో దోపుకుంది.

"అయితే ఆయనకెందుకండీ, పక్క చేనాయనకే చెబుతా."

ఇప్పుడు ఎవరు సలహా అడిగినా, ముందు పక్క చేను ఎవరిదని అడుగుతున్నాను.