హారతి మీద సినిమా పాట

మా పెళ్లి వీడియోలో మా అమ్మ నోరు కదులుతుంది, గొంతు వినబడదు. ఆవిడ మంగళహారతి పాడుతుంటే ఎవడో సినిమా గాయకుడు ప్రేమగీతం అందుకుంటాడు. ఆ రోజుల్లో మా కోస్తా ఊళ్లలో పెళ్లి వీడియో అంటే అంతే. మంత్రాలు, మాటలు, ఏడుపులు అన్నీ గోల కింద తీసేసి, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు దట్టించేవాళ్లు. పెళ్లయిన కొత్తలో మేమూ చూసి మురిసిపోయాం. అమ్మ పోయాక మాత్రం ఆ కెమెరావాణ్ని నేను తిట్టని తిట్టు లేదు.

అమ్మ పోయింది 1999 డిసెంబరులో, వైటూకే హడావిడి మధ్య. నేను ఆస్ట్రేలియాలో, డార్విన్‌లో ఒక ప్రభుత్వాఫీసు కంప్యూటర్లలో తేదీలు సరిచేసే కాంట్రాక్టు మీద ఉన్నాను. సెలవులన్నీ బంద్. విమానాలు మారి ఇల్లు చేరేసరికి అంతా అయిపోతుందని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. ఉండిపోయాను. తీరా జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ కళ్లు తేలెయ్యలేదు. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టి కేకు కోశారు. ఆ కేకు చూస్తే నాకు ఒళ్లు మండింది.

మా వీధిలో ఎవరి పెళ్లికైనా హారతి పాట అమ్మదే. అయినా ఆ గొంతును ఎవరూ ఎక్కడా రికార్డు చేయలేదు. రోజూ వినేదాన్ని ఎవరు దాచుకుంటారు? మిగిలింది ఈ పెళ్లి క్యాసెట్టొక్కటే. సినిమా పాట అడుగున ఎక్కడో అమ్మ గొంతు ఉండకపోతుందా, తవ్వి తీస్తానని పట్టుబట్టాను.

బీరువాలోంచి తీద్దును కదా, డార్విన్ వానాకాలం పుణ్యమా అని టేపు అంచునిండా తెల్లటి బూజు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. పక్కవీధిలో ఉండే హైదరాబాద్ అంకుల్‌కి ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టుంది. తన పాత వీసీఆర్ తెచ్చిచ్చారు. బూజు టేపు పెడితే మిషను పాడవుతుందని నేను మొహమాటపడ్డాను.

"పాడైతే కానీ బేటా. మీ అమ్మ గొంతు కంటే ఎక్కువనా ఈ డబ్బా?" అన్నారాయన.

దూదితో తుడుస్తూ, ముందుకీ వెనక్కీ తిప్పుతూ, బొమ్మ కనబడేలా చేసేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

ఇక దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం ఇంకో బాగోతం. మా ఆయనకి అన్నిట్లో తొందర. డిస్కులో చోటు చాలదని శబ్దాన్ని కుదించి ఎక్కించాడు. అలా కుదించినప్పుడు తనకు అక్కర్లేదనిపించిన సన్నని శబ్దాలను కంప్యూటరు పారేస్తుంది. వింటే కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టుంది. సినిమా పాటకి ఎంపీత్రీ చాలదా అని పైగా నాకే ఎదురు ప్రశ్న. నాకు కావలసింది పాట కాదు మహానుభావా, పాట కింద ఉన్నది అన్నాను.

కథ మళ్లీ మొదటికొచ్చింది. శబ్దాన్ని కుదించకుండా ఎక్కించబోతే ఫైలు పెరిగి పెరిగి, సరిగ్గా తలంబ్రాల దగ్గర ప్రోగ్రాం చచ్చూరుకునేది. రెండు గిగాబైట్లు దాటితే దానికి చేతకాదట. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అక్కడే. ఆఖరికి కొత్త డిస్కు తెచ్చి, పెళ్లిని ముక్కలు ముక్కలుగా ఎక్కించి, ఒక్కో ముక్కలోంచి బొమ్మను వదిలేసి శబ్దాన్ని మాత్రం ఉన్నదున్నట్టు వేవ్ ఫైలుగా బయటికి తీశాను. పగలంతా ఆఫీసులో పాత కోబాల్ ప్రోగ్రాములతో తన్నుకోవడం, ఇంటికొచ్చి దీంతో.

తీసి ఏం లాభం? హారతి దగ్గర సినిమా పాట తప్ప ఇంకేమీ లేదు. అమ్మ గొంతు దాని అడుగున లేదు. పూర్తిగా తీసి పారేసి, ఆ చోట పాట పెట్టాడు. పోనీ ముందు తీసిన అసలు క్యాసెట్లు ఉన్నాయేమోనని అన్నయ్యను కెమెరావాడి దగ్గరికి పంపాను. వాటి మీద తర్వాతి పెళ్లిళ్లు తీసేశాడట. వాడి చేతులు పడిపోను అని అన్నయ్యకు వినబడేట్టే అన్నాను. మా అమ్మ గొంతు తీసేసే హక్కు వాడికెవడిచ్చాడు?

ఇక కట్టిపెడదామని ఒక ఆదివారం మధ్యాహ్నం ఫైలు చివరిసారి తెరిచాను. తెర మీద శబ్దం పచ్చటి గీతలా కనబడుతుంది. హారతి మీది పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే లోపు ఓ చిన్న సందుంది. శబ్దం లేకపోతే అక్కడ గీత చదునుగా ఉండాలి. అది సన్నగా వణుకుతోంది. కెమెరావాడు పాట మార్చేలోపు పెళ్లింటి అసలు శబ్దం కాస్త జారిపడినట్టుంది. మా ఆయన కుదించిన ఫైల్లో వెతికితే అదే చోట ఉత్త బుస.

ఆ చోట బొమ్మేమిటో మాకు కంఠతా వచ్చు. అమ్మ హారతి పళ్లెం కింద పెట్టి, నవ్వుతూ కెమెరా దగ్గరికొచ్చి ఏదో అంటుంది. కనబడినవాళ్లనల్లా భోంచేశారా అని అడగటం ఆవిడకు అలవాటు. కెమెరావాణ్నీ అదే అడుగుతోందని ఎప్పుడు చూసినా నవ్వుకునేవాళ్లం. మా ఆయన్ని పిలిచి, ఆ ముక్కను కోసి, శబ్దం పెంచి వినిపించాను. ముందు గిన్నెల చప్పుడు. ఆ వెనక అమ్మ.

"బాబూ, హారతి పాట దగ్గర నా గొంతు తీసెయ్యి నాయనా. జలుబు చేసి బొంగురుపోయింది. ఏదన్నా మంచి సినిమా పాట వేసెయ్యి. రేపు మా పిల్ల చూసుకుంటే బాగుండాలి కదా."

ఇన్ని నెలలు తిట్టిన తిట్లన్నీ ఏం చేసుకోవాలో తెలియలేదు. పాపం వాడు పెద్దావిడ చెప్పినట్టు విన్నాడు. కోపమంతా అమ్మ మీదికి తిరిగింది. నీ గొంతు బాగాలేదని నీకెవరు చెప్పారే, ఎవరడిగారే నిన్ను అని ఆ తెర ముందు కూర్చుని ఏడ్చాను.

మా ఆయన ఆ బుసా గిన్నెల చప్పుడూ తీసేసి గొంతు కాస్త శుభ్రం చేయనా అన్నాడు. ముట్టుకుంటే ఊరుకోనన్నాను. ఆ ముక్కను అలాగే, బొంగురుతో సహా, సీడీ మీదికి ఎక్కించాను.