సముద్రం కాడ ఎత్తిన చెయ్యి

ఇస్నాపూర్‌ల గజాలా ఇల్లు ఏదంటే మొన్నటిదాక ఎవ్వరూ చెప్పకపోయేటోళ్లు. ఉంగరం రాళ్ల సమద్ ఇల్లు ఏదంటే మాత్రం కిరాణం దుకాణపాయన త్రాసు పక్కన పెట్టి, బయటికొచ్చి మరీ చూపిస్తుండె. గజాలా ఆ సమద్ బిడ్డ. ఈ ముచ్చట గజాలాది, జెర నిమ్మలంగ ఇనున్రి.

సమద్ జోగిపేటల పుట్టిండు. తాతల కాడికెళ్లి వచ్చిన పని రాళ్లకు సాన పట్టుడు. పుల్ల కొసకు లక్క కరగబెట్టాలె, దాంట్ల రాయి అతికించాలె, తిరిగే సాన మీద ఆనిచ్చి మన మొకం మనకు కనబడేదాక అరగదీయాలె. మిషన్ల కోసిన రాళ్లు సంచులకు సంచులు దిగినంక షావుకార్లు ఆయన దిక్కు చూసుడే బంద్ చేసిన్రు. కంపెనీల ఏదో ఒక పని దొరక్కపోతదా అని పెండ్లాం ఖమరున్నీసాను, బిడ్డను తోల్కొని ఇస్నాపూర్‌ల కిరాయి రూముకు వచ్చిండు. సామాను సగం జోగిపేటలనే ఇడిచిపెట్టిండు గాని సాన మాత్రం ఇడువలే, మంచం కింద పెట్టుకొని, అడిగినోళ్లకు ఉంగరం రాళ్లు సాన పట్టిస్తుండె. గజాలాకు అదే ఆట. పగిలిన గాజు పెంకులు ఏరుకొచ్చి మెరిపించేది. ‘బంగారమసొంటి చెయ్యి’ అని సమద్ తెగ మురిసేటోడు.

కెమిస్ట్రీల డిగ్రీ అయినంక గజాలాకు పటాన్‌చెరు ల్యాబ్‌ల నౌకరి దొరికింది. నీళ్లల్ల, మందులల్ల ఏ లోహం ఎంతున్నదో చూసే ల్యాబ్ అది. ఆడ రమ్యశ్రీ అనే మేడమ్ చేపల మీద పరిశోధన చేస్తది. చేప తలకాయల, చెవి కాడ, ఇసుమంత రాయి ఉంటది. చేప పుట్టినకాడికెళ్లి సచ్చేదాక ఆ చెవిరాయి మీద పొర మీద పొర పేరుకుంటనే ఉంటది. ఉప్పునీళ్లల్ల తిరిగినప్పుడు పేరిన పొరల స్ట్రాన్షియం అనే లోహం ఎక్కువుంటది, మంచినీళ్లల్ల పేరిన పొరల తక్కువుంటది. రాయిని సరిగ్గ నడిమిదాక అరగదీసి, నడిమికెళ్లి అంచుదాక లేజర్‌తోని గీకితే, ఆ చేప ఏ నీళ్లల్లకెళ్లి ఏ నీళ్లల్లకు పోయిందో మిషన్ చెప్పేస్తది. అరగదీసేటోళ్లు ఎవరన్నా ఉన్నరా అని మేడమ్ అడిగితే, అది మా ఇంటి పనే మేడమ్ అని గజాలా బాజాప్తా ముందుకొచ్చింది. నాయినను అబ్బా అంటది, ఆ అబ్బా పేరు గూడ చెప్పింది.

గట్లున్నప్పుడే మంజీరల చేపలు పట్టే అంజన్న వలకు ఒక మలుగు పడ్డది. చూస్తే పాము, తింటే చేప. మలుగు పుట్టుడు సముద్రంలనే, దాంట్ల ఎవ్వరికీ పేచీ లేదు. పేచీ అంత ఆడికెళ్లి వచ్చిన తొవ్వ గురించి. గోదావరి పట్టుకొని, అడ్డమున్న కట్టలన్ని ఎక్కి, మంజీరదాక ఈదుకుంట వచ్చిందా? ఎవడో పిల్లలను డబ్బాల పోసుకొచ్చి ఒదిలి ఉంటడని చాయ్ హోటల్ కాడ మంది అంజన్నను ఒకటే ఆట పట్టించిన్రు. తనంతల తానే వస్తదని మా నాయిన చెప్తుండె అని అంజన్న మొండికేసిండు. రమ్యశ్రీకి ఆ మాట పట్టుకున్నది. డబ్బాల వచ్చిందైతే పొరలల్ల ఉప్పు ఒక్కపారే తెగిపోతది. ఈదుకుంట వచ్చిందైతే నది సముద్రంల కలిసే కాడి నీళ్లు తాకి, మెల్లమెల్లగ దిగుతది. అసొంటి మలుగు మంజీరల మళ్ల ఎన్నడు దొరుకుతదో దేవునికెరుక. ఉన్నయి రెండే రాళ్లు, ఆ చెవికొకటి, ఈ చెవికొకటి.

మొదటి రాయి గజాలా చేతికొచ్చింది. నడుమ చిన్న బొట్టు, చేప పుట్టిననాటి గుర్తు, కనబడంగనే ఆపాలెనని మేడమ్ ముందే చెప్పింది. గజాలా సరేనన్నది. మాట చెవులకెక్కింది గాని చేతికి ఎక్కలే. ఆ చేతికి పసితనం కాడికెళ్లి తెలిసింది ఒక్కటే, మెరిసేదాక ఆపొద్దు. ఎమరీ కాయితం మీద రుద్దింది, మెత్తటి కాయితం మీద మళ్ల రుద్దింది. అబ్బబ్బ, ఏం మెరిసింది ఆ రాయి! మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే నడుమ బొట్టు లేదు, దాని చుట్టున్న పొరలూ లేవు. చేప చిన్నతనమంత కాయితం మీద తెల్ల దుమ్మై పడి ఉన్నది.

రమ్యశ్రీ తిట్టలే. తిట్టినా బాగుండు అనుకున్నది గజాలా. రెండో రాయిని బయట ఇంకో ల్యాబుకు పంపుదమా, నువ్వే చేస్తవా, ఆలోచించుకొని చెప్పు అన్నది మేడమ్. పంపున్రి అంటే ఒడిసిపోతది, ఎవ్వరూ ఒక్క మాట అనరు. గాని సమద్ సాన పేరు తీసింది తన నోరే, ఆ పేరు మీద మన్ను పోసింది తన చెయ్యే. రెండో రాయి గూడ పోతే అంజన్న మాట ఎన్నటికీ తేలదు, అబ్బా పేరు ఆ ల్యాబ్‌ల మళ్ల లేవదు. ఇంటికి పోయే బస్సుల గజాలాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. వాళ్లు ఇంట్ల ఉర్దూల మాట్లాడుకుంటరు, నేను మన మాటల చెప్తున్న. సమద్‌కు ముందు సమజే కాలే. మెరిసిందంటివి గద, మళ్ల తప్పేంది అన్నడు. తప్పేందో గజాలా ఇడమర్చి చెప్పింది. ఇంటున్న కొద్ది ఆయన మొకం మారింది. లేచిపోయి, అల్మారలకెళ్లి ఒక పాత వైడూర్యం తీసి, గుమ్మం కాడ ఎండకు పట్టిండు. రాయి లోపట సన్నటి వెలుగు గీత కదిలింది.

“నీది ఉంగరం రాయి పని గాదు బేటా, ఇగో దీని పని,” అన్నడు. “గీత నడిమికి రాంగనే చెయ్యి ఎత్తెయ్యాలె. ఇంకింత మెరవాలనుకున్నవా, గీత పాయె. అందుకే మా ఉస్తాద్ కాడ వైడూర్యానికి ఇద్దరు కూసుంటుండె. రుద్దేటోడు చూడొద్దు, చూసేటోడు రుద్దొద్దు. రుద్దేటోనికి ఆశ పుడతది.”

తెల్లారి గజాలా మేడమ్ ముందట నిలబడి, నేనే చేస్త, గాని మీరు చూడాలె, నేను చూడ అన్నది. రమ్యశ్రీ కుర్చీ గుంజుకొని మైక్రోస్కోప్ కాడ కూసున్నది.

గజాలా జెరంత రుద్దుతది, రాయి మేడమ్ చేతిల పెడతది, గోడ దిక్కు తిరుగుతది. ఇంకా అంటది మేడమ్. మళ్ల రుద్దుతది. ఇంకా జెర అంటది. రాయి మీద గీతలున్నయి, మబ్బు పట్టినట్టున్నది, అసొంటి రాయిని వాళ్లింట్ల ఎన్నడూ పని అయిందని పక్కన పెట్టలే. ఇంకొక్క రుద్దుడు రుద్దుమని గజాలా వేళ్లు గుంజుతున్నయి. రాయి తిరిగి ఇచ్చుకుంట ‘ఆపు’ అన్నది రమ్యశ్రీ. రాయి అందుకున్న చెయ్యి అలవాటుకొద్ది అప్పటికే కాయితం మీదికి దిగింది. గజాలా చెయ్యి ఎత్తేసింది.

లేజర్ గీకినంక తెర మీద గీత గీసుకుంట పోయింది. మొదట ఎత్తుగ, అటెన్క ఊగుకుంట ఊగుకుంట కిందికి, చివరికి సాఫుగ. ఏడా తెగలే. ఒక్క చేపతోని లోకమంత తేలిపోదు గాని ఈ చేప మాత్రం ఈదుకుంటనే వచ్చింది అన్నది రమ్యశ్రీ. ముందుగాల అంజన్నకు ఫోన్ చేసిన్రు. ఆయన చాయ్ హోటల్ కాడికి పోయి, ఎవరెవరు నవ్విన్రో వాళ్లందరికీ చాయ్ తాగించిండట.

సమద్‌ను ల్యాబుకు మేడమే పిలిపించింది. ఈద్‌కు ఏసుకునే కుర్తా ఏసుకొని వచ్చిండు. మైక్రోస్కోప్‌ల కన్ను పెట్టి ఒక్కొక్క పొర చూసుకుంట పోయిండు. మన మంజీర ఏడున్నదని అడిగితే, గజాలా అంచు చూపించింది.

“మరి నువ్వు చెయ్యి ఎత్తింది ఏడ?”

“నడిమిట్ల, అబ్బా. సముద్రం కాడ.”

సమద్ కన్ను తీయలే. మెరవని రాయిని అంతసేపు చూసుడు ఆయన బతుకుల అదే మొదలు. “మా ఖాన్‌దాన్‌ల సముద్రం చూసినోడు ఒక్కడు లేడు,” అన్నడు. “నా బిడ్డ ఆడిదాక పోయి ఆగింది.”

ఇప్పుడు ఇస్నాపూర్‌ల ఎవరన్నా వచ్చి ఉంగరం రాళ్ల సమద్ ఇల్లు ఏదని అడిగితే, దుకాణపాయన బయటికి రాకముందే సమద్ ఎదురొస్తడు. గజాలా ఇల్లా, రాండ్రి, నేను వాళ్ల నాయిననే అంటడు.