అత్త బండిలో ఆముదం

ఇక్కడ జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో మా పక్కింటి బామ్మగారు వయసులో ఉన్నప్పుడు రేసుల్లో పరిగెత్తించిన బైకుని ఈ ఉదయం స్టార్ట్ చేశారు. పొగలో ఆముదం వాసన! మా పాప ముక్కు మూసుకుని "మమ్మీ, దాస్ ష్టింక్ట్!" అంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను.

ఆముదమంటే మీ అందరికీ తలంటు గుర్తొస్తుందేమో. నాకు మా మేనత్త గుర్తొస్తుంది. రేసులో ఇంజను వేడికి పట్టేయకుండా పెట్రోల్లో ఆముదం కలిపేది.

"జుట్టుకి రాసుకోమంటే బండికి పోస్తావేమే?" అని నానమ్మ రోజూ కేకలేసేది.

రేసు రోజున అంతమంది మగవాళ్ల మధ్య అత్త ఒక్కతే ఆడపిల్ల. జడ చొక్కాలోకి దోపుకుని ట్యాంకు నింపుతోంది. నానమ్మ విసవిసా వెళ్లి కొంగుచాటు నుంచి సీసా తీసింది.

"ఆ కొట్టు సరుకు పారబొయ్యి. ఇది నేను కాచింది. అందర్నీ దాటి రా."