చిన్నమ్మ తినని పూటలు

నా చిన్నప్పుడు నగరిలో మా వీధి మగ్గాల చప్పుడుతోనే నిద్రలేచేది. వయసు ఉజ్జాయింపుగా చెప్పడం నాకు నచ్చదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు నిండి పదో ఏడు నడుస్తోంది. మా చిన్నమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇవ్వడం నా పని. చిన్నమ్మంటే మా చిన్నాయన భార్య. ఇంట్లో అందరికంటే బాగా నేసేది ఆమే.

మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు వదిలి గట్టు మీద కూర్చోవాలి. వెనక గోడ, ముందు నేసిన బట్ట చుట్టుకునే దుంగ. రెండో బిడ్డ పుట్టాక చిన్నమ్మ చాలాకాలం పుట్టింట్లో ఉండి, నువ్వుండలూ నెయ్యీ తిని బాగా లావై వచ్చింది. బిడ్డ పాలు మరిచాక మళ్లీ మగ్గంలో కూర్చోబోతే గోడకూ దుంగకూ మధ్య ఇరుక్కుపోయింది. చిన్నాయన అది చూసి నవ్వాడు. "గునపం తెచ్చి గోడను వెనక్కి జరిపిస్తాలే, దానికెందుకు మొగం అట్ల పెట్టుకుంటావు?" అన్నాడు. సరదాకే అన్నాడు గానీ ఆమె నవ్వలేదు.

ఆ వారంలోనే, మాకు నూలు ఇచ్చి నేయించుకునే మేస్త్రీ వచ్చి, ఆమె ఆ ఇరుకులో అవస్థపడటం చూసి ఇంకో మాట చెప్పిపోయాడు. ఈ చీర మునుపటిలా రాకపోతే తరువాతి పడుగు, అంటే నిలువు నూలు, వేరే ఇంటికి ఇచ్చేస్తాడట. మగ్గం పోతే చిన్నమ్మకు మిగిలేది వంటిల్లే. ఆమె ఆ మగ్గం కోసమే పుట్టిన మనిషి. మరునాటి నుంచి మధ్యాహ్నం సంగటి మానేసింది, రాత్రి మజ్జిగ నీళ్లతో సరిపెట్టింది. ఎవరడిగినా కడుపులో మంట అనేది. మనిషి కొంచెం తగ్గింది కూడా. దుంగకూ ఆమెకూ మధ్య కాస్త సందు దొరికింది. ఆ సంతోషంలో, తినే నాలుగు మెతుకులూ ఇంకా తగ్గించింది.

ఒక పొద్దున మా అవ్వ, అంటే చిన్నమ్మకు అత్త, మగ్గం దగ్గర చతికిలబడింది. దుంగ వదులు చేసి చుట్టిన బట్టను విప్పింది. కండెలు చుట్టేది నేనే కాబట్టి చిన్నమ్మ ఏ రోజు ఎంతవరకు నేసిందో నాకు గుర్తు.

"ఆయితారం యాడిదాకా నేసిందో చూపీవే" అంది నాతో. చూపించాను. ఆ రోజు చుట్టాలొస్తే చిన్నమ్మ వాళ్లతో కలిసి కూర్చుని తినింది.

"కండ్లు మూసుకోని తడిమి చూడు" అంది కోడలితో.

చిన్నమ్మ వేళ్లు ఆదివారం నేసిన చోట మెల్లగా కదిలాయి. అది దాటి మంగళవారం నేసిన చోటికి వచ్చి ఆగిపోయాయి. నేనూ తడిమి చూశాను. బట్ట అక్కడ జల్లెడలా పల్చగా తగిలింది. అడ్డనూలు బిగిసేలా లాగి కొట్టే బలం ఆ రోజు ఆమె చేతికి లేదు.

"ఒళ్లు తగ్గాల. తగ్గద్దని నేను అన్లేదు" అంది అవ్వ. "చెయ్యి తగ్గకూడదు కదమ్మా."

చిన్నమ్మ ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని పల్చగా ఉన్నంతమేరా పోగు పోగు విప్పారు.

ఆ రోజు నుంచి నువ్వుండల డబ్బా, బెల్లం కాఫీ ఇంట్లో కనపడలేదు. సంగటి ముద్ద సగమైంది. మిగతా సగం జాగాలో మునగాకు పొరటు కూరో, ఉడికించిన ఉలవలో ఉండేవి. మూడు పూటలా అవ్వ ఎదురుగా కూర్చుని తినాలి. ఇక వీధిలో ఎవరో ఒకరు పొద్దున్నే పడుగును ఆ చివర నుంచి ఈ చివరకు సాగదీసి కట్టేవారు. దానికి గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ పక్కనే అటూ ఇటూ నడవాలి. అందరి పడుగులకూ సాయం పోయేది అవ్వ. తనకు నడుము పట్టుకుందని చెప్పి ఆ కుంచె కోడలి చేతికిచ్చింది. అలా చెప్పిన మనిషే గంజి కుండను ఒక్కతే ఎత్తి దించింది. చిన్నమ్మా నేనూ చూశాం.

మొదటి రోజు పక్కింటి అక్క ఊరుకోలేదు. "ఏమే, తేరు కదిలినట్లుండాదే!"

"తేరుకు తాడు లాగేవాళ్లు కావాలక్కా, నువ్వు రా" అంది చిన్నమ్మ రొప్పుతూనే. వీధంతా నవ్వింది. రెండో రోజు నుంచి ఆ అక్క కూడా కుంచె పట్టుకుని ఆమె వెంట నడిచింది.

తగ్గడానికి చాలా నెలలు పట్టింది. పెళ్లినాటి సన్నదనం మాత్రం తిరిగి రాలేదు. లేనిది వచ్చిందని నేను రాయను. అంతకు చాలా ముందే, ఆ చీర పూర్తయిన రోజు మేస్త్రీ దాన్ని అంచు నుంచి అంచుకు తడిమి, కొత్త పడుగు తెచ్చి మా అరుగు మీద పెట్టించాడు. చిన్నమ్మ ముందు అన్నం తిని, చేయి కడుక్కుని, అప్పుడు దాన్ని ముట్టుకుంది.

ఇప్పుడు నాకూ బరువు తగ్గమని డాక్టరు చెప్పింది. పొద్దున నడుస్తాను. రాత్రి అన్నం తగ్గించాను కానీ ఏ పూటా మానలేదు. బరువు చూసుకున్న రోజు ఇంట్లో చపాతీ పిండి నేనే పిసుకుతాను. తూకం ముల్లు కిందికి దిగి, పిండి నా చేతికి లొంగితేనే ఆ నెల లెక్క సరిపోయిందనుకుంటాను. ముల్లు దిగి చేయి అలిసిపోయిందా, మరునాడు పళ్లెంలో ఇంకో గుప్పెడు ఉలవలు వేసుకుంటాను.